ఫొటో ఒక్కటే చాలదు, మాట కూడా కావాలి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీద ఉన్న పెద్దలకు, ఒక పూట మగ్గం ఆపుకుని వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, వెనక వరసలో సెల్‌ఫోన్లు పట్టుకుని కూర్చున్న పిల్లలకు, అందరికీ నా వందనాలు. గుడియాత్తం నుంచి వచ్చినవాళ్లున్నారు, వేలూరువాళ్లున్నారు. మన పెద్దలు రాయవేలూరు అనేవాళ్లు. ఆ పేరు చెబితే ఇప్పటి పిల్లలు అదెక్కడ అని అడుగుతున్నారు. నేను ఈరోజు చెప్పబోయే మాటకి అదే మొదలు అనుకోండి.

నాకిచ్చిన విషయం ఇళ్లల్లో మనవాళ్లు చేసుకునే స్లైడ్‌షోలు, వాటిలో ఏవి గుర్తుంటాయి, ఎందుకు గుర్తుంటాయి అని. నూలు ధర గురించి, కూలి గురించి మాట్లాడుకోవాల్సిన సభలో ఈ ఫొటోల ముచ్చటేమిటి అని కొందరికి అనిపించవచ్చు. ఆ సంగతులు నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు, వాళ్లు చెబుతారు. నేను చెప్పేది ఇంకో నష్టం గురించి. అది ఏ లెక్క పుస్తకంలోనూ కనబడదు. ఇంట్లో ఒక పెద్దావిడ కన్నుమూస్తే, గోడ మీది ఫొటోలో ఉన్న పదిమందిలో ఏడుగురి పేర్లు ఆవిడతోనే పోతాయి. ఫొటో మటుకు గోడ మీదే ఉంటుంది.

ముందు మనందరం చూసిన స్లైడ్‌షో గురించి చెబుతాను. పెళ్లి రిసెప్షన్లో పెద్ద తెర కడతారు. ఉయ్యాల్లో పాపాయి, బడి యూనిఫారం, కాలేజీ, నిశ్చితార్థం. ఒక్కో ఫొటో తిరుగుతూ వస్తుంది, గుండె బొమ్మలు ఎగురుతాయి, వెనక సినిమా పాట. పావుగంట నడుస్తుంది. ఆ తర్వాత పంతిలో కూర్చున్నవాళ్లని తెర మీద ఏం చూశారని అడగండి. "బాగుంది" అంటారు, అంతకుమించి ఒక్క ఫొటో గురించి చెప్పలేరు. చేసినవాళ్లది తప్పని నేను అనను, ఎంతో ప్రేమతో చేస్తారు. కానీ ఆ పావుగంటలో మనిషి గొంతు ఒక్కసారి కూడా వినబడదు. అందుకే అది మనసులో నిలవదు.

ఇప్పుడు నిలిచినవాటి గురించి. నేను చూసినవాటిలో నాకు బాగా నచ్చినవి మూడు. పేర్లు చెప్పను, అవి వాళ్ల ఇంటి సంగతులు.

మొదటిది ఒక షష్టిపూర్తిలో వేసింది. మొత్తం ఇరవై చిల్లర ఫొటోలే. అన్నీ ఒకే మగ్గం చుట్టూ తీసినవి. గుంటలో కాళ్లు పెట్టుకుని తాత నేస్తున్న ఫొటో, పక్కన రాట్నం దగ్గర అవ్వ, మగ్గం కింద నిద్రపోతున్న బిడ్డ. పాట లేదు. అవ్వ గొంతు ఒక్కటే. "ఈ గుంట తవ్వింది మా మామగారు. నేను కాపురానికి వచ్చిన ఏడు వానకి దీంట్లో నీళ్లూరినాయి, చెంబుతో తోడి పోసినాం" అని చెప్పుకుంటూ పోతుంది. చివరి ఫొటోలో మగ్గం లేదు. గుంట మీద నాపరాయి పరిచి సిమెంటు పూసేశారు, దాని మీద ఫ్రిజ్ పెట్టారు. అవ్వ "దీని కిందే ఉండాది" అని ఊరుకుంది. అంతే, అయిపోయింది. హాలంతా నిశ్శబ్దం. ఆ ఇంటి గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా ఆ రోజు ఆ ఫ్రిజ్‌ని మరిచిపోలేదు.

రెండోది గంగమ్మ శిరసు తిరునాళ్లది. వైకాశి మొదటి తేదీన గుడియాత్తంలో అమ్మవారి శిరసు ఊరేగింపు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ రోజు తీసే ఫొటోలకు లెక్కే లేదు. అందరి ఫోన్‌లోనూ అదే శిరసు, అదే జనం, అదే టెంకాయల కుప్ప. ఒక కుర్రవాడు మటుకు శిరసు ఫొటో ఒక్కటే పెట్టాడు, అదీ చివర్లో. మిగిలినవన్నీ తన ఇంటి గుమ్మంలోంచి తీసినవి. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు, గుడ్డ కప్పి పెట్టిన మగ్గం, దూరాన ఉద్యోగం నుంచి రాత్రి బస్సుకి దిగిన అన్న, ఎదురింటివాళ్లు పంపిన కూళు గిన్నె, మిద్దె మీద ఎక్కి చూస్తున్న చిన్నాన్న పిల్లలు. ఊరంతా చూసే పండగని ఒక్క గుమ్మంలోంచి చూపించాడు. అందుకే అది వాళ్ల ఇంటి పండగ అయింది.

మూడోది ఒక బడిపిల్ల చేసింది. ఐదు నిమిషాలు. నూలు చిలపల నుంచి మడత పెట్టిన లుంగీ దాకా. ముఖాలు లేవు, అన్నీ చేతుల ఫొటోలే. ఆ పిల్ల ఒక్కో పని పేరూ తాతని అడుగుతుంది. "తాతా, ఇది పేకేనా?" "కాదమ్మా, పేక అంటే అడ్డంగా పోయే నూలు. నువ్వు చూపించేది కండె. కండె నాడెలో కూర్చుంటుంది, దాంట్లోంచి పేక వస్తుంది." మన ఇంట్లో పడుగు అంటాం, బయట పావు అంటాం. మన ఇంట్లో మగ్గం, బయట తరి. పేక అన్నా ఊడై అన్నా ఒకటే నూలు. ఆ పిల్ల రెండు మాటలూ పలికించింది. మధ్యలో తాత ఒకసారి నవ్వాడు. ఆ నవ్వు తీసేయకుండా అలాగే ఉంచింది. నన్నడిగితే ఆ ఐదు నిమిషాల్లో అదే గొప్ప పని.

ఈ మూడింటిలోనూ ఉన్నది ఏమిటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఒక్కొక్కటీ ఒకే ఒక్క సంగతి పట్టుకుంది: ఒక గుంట, ఒక గుమ్మం, ఒక లుంగీ. ఏది చూపించినా తెలిసిన మనిషే చూపించారు. రెండింటిలో ఆ మనిషి గొంతు కూడా ఉంది, అదీ మన తెలుగులో. పడుగు ఎంత మంచి నూలైనా పేక పడకపోతే గుడ్డ కాదు. ఫొటోలు పడుగు అనుకుంటే, మాట పేక.

ఇది ఇప్పుడు పుట్టిన విద్య కూడా కాదు. తెలంగాణలో పద్మశాలీల ఇళ్ల ముందు కథ చెప్పడానికి కూనపులివాళ్లని ఉండేవాళ్లు. మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెప్పేవాళ్లు. వట్టి నోటితో చెప్పేవాళ్లు కాదు. పొడుగాటి పటం తెచ్చేవాళ్లు. చేర్యాల నకాషీ చిత్రకారులు వేసే పటం అది. నేసిన బట్టకి చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసి, దాని మీద ఒక గడి కింద ఒక గడిగా కథంతా బొమ్మలు వేస్తారు. కథకుడు ఒక్కో గడీ విప్పుతూ, చూపిస్తూ, పాడుతూ పోతాడు. వెలుగు యంత్రం లేదు కానీ, అది స్లైడ్‌షో కాక మరేమిటి? నేసేవాళ్ల కథ, నేసిన బట్ట మీద, నేసేవాళ్ల వీధిలోనే. చెప్పేవాడు రాకపోతే ఆ పటం అలా చుట్టి మూలన ఉండిపోతుంది. ఇప్పుడు మ్యూజియాల్లో గాజు వెనక ఉన్న పటాల సంగతి అదే. బొమ్మలన్నీ ఉన్నాయి, పాడే మనిషి లేడు.

మహారాష్ట్రలో కల్యాణ్ ఊళ్లో పట్వర్ధన్‌గారని ఒకాయన 1890లలో గాజు పలకల మీద రామాయణ భారత కథల బొమ్మలు వేసి, దీపం వెలుగుతో తెర మీద పడేట్టు చేసి, మాటా పాటా కలిపి ఊరూరా చూపించారు. ఈ దేశంలో సినిమా తీయకముందు సంగతి అది. ఇంటి మనుషులే బొమ్మలు వేయడం, ఇంటి మనుషులే ఆడించడం. ఇంట్లో కూర్చుని మనం చేసుకునే స్లైడ్‌షోకి వాళ్లని పెద్దలనుకోవచ్చు.

బయటి దేశంలో ఒక సంగతి చెబుతాను. అది నేతపని వాళ్లదే. అమెరికాలో 1908లో లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్‌ని బాలకార్మికుల కోసం పనిచేసే ఒక సంఘం నియమించుకుంది. ఆయన నూలు మిల్లుల్లో పనిచేసే పిల్లల ఫొటోలు తీశాడు. మిల్లు యజమానులు రానిచ్చేవాళ్లు కాదు, ఏదో ఒక వంక చెప్పి లోపలికి పోయేవాడు. పిల్లల ఎత్తు తన కోటు గుండీలతో కొలుచుకుని, జేబులో చెయ్యి పెట్టి కాగితం మీద గుట్టుగా రాసుకునేవాడు. దక్షిణ కరోలినాలో ఒక మిల్లులో తీసిన పాప ఫొటో ఉంది. బారుగా నూలు కండెలు, వాటి ముందు చిన్న పాప. ఫొటో కింద ఆ పాప పేరు, ఎత్తు 48 అంగుళాలని, ఆరునెలలుగా పనిచేస్తోందని, ఏ మిల్లో, ఏ తేదీనో రాశాడు. ఆ ఫొటోలను గాజు స్లైడ్లు చేసి సభల్లో చూపించేవాళ్లు. "పాపం, చిన్న పిల్ల" అని రాసి ఉంటే జనం అయ్యో అని మరిచిపోయేవాళ్లు. 48 అంగుళాలు అని రాశాడు కాబట్టి నూరేళ్లు దాటినా ఆ పాప మన కళ్ల ముందు నిలబడుతోంది. పేరు, ఊరు, తేదీ, కొలత ఉంటే ఒక ఫొటోకి అంత బలం వస్తుంది.

ఇంకొకటి ఫ్రాన్స్‌ది. 1962లో క్రిస్ మార్కర్ అనే ఆయన 28 నిమిషాల సినిమా తీశాడు, దాదాపు అంతా కదలని ఫొటోలే, వెనక ఒక గొంతు కథ చెబుతూ ఉంటుంది. ఒకే ఒక్కచోట, నిద్రలో ఉన్న అమ్మాయి కళ్లు తెరుస్తుంది. అదొక్కటే కదులుతుంది. చూసినవాళ్లు ఆ కళ్లని మరిచిపోరు. దీంట్లో మనకో పాఠం ఉంది. ఫోన్‌లో వీడియో తేలిక కదా అని అన్నీ వీడియోలు పెట్టకండి. ఇరవై ఫొటోలు నిలకడగా చూపించి, మధ్యలో నాడె ఇటు నుంచి అటు పోయే ఐదు సెకన్ల వీడియో ఒక్కటి పెట్టండి. ఆ ఒక్కసారికే మగ్గం బతికినట్టుంటుంది.

ఇప్పుడు పని సంగతికి వద్దాం. పిల్లలు కాస్త చెవి పెట్టండి, ఇది మీకోసమే.

ఎంతసేపు ఉండాలి అంటే, ఎనిమిది నిమిషాలు దాటొద్దు. 1961లో కొడాక్ కంపెనీ కారౌసెల్ అని గుండ్రటి ట్రే ఉన్న స్లైడ్ ప్రొజెక్టర్ తెచ్చింది. మామూలు ట్రేలో 80 స్లైడ్లు పట్టేవి. ఒక్కోటి ఆరు సెకన్లు చూపిస్తే 480 సెకన్లు, అంటే సరిగ్గా ఎనిమిది నిమిషాలు. 2004లో వాళ్లు స్లైడ్ ప్రొజెక్టర్లు చేయడం ఆపేశారు. ఫోన్‌లో ఇప్పుడు ట్రే లేదు, ఎన్నైనా పడతాయి. అదే మనకి ఇబ్బంది. ట్రే ఉన్నట్టే అనుకుని ఏరుకోండి. మాట ఉన్న ఫొటో అయితే ఆరు సెకన్లు చాలవు, అవ్వ మాట అయ్యేదాకా ఉంచండి. అలా అయితే 30 ఫొటోలే ఎక్కువ.

గొంతు ఎలా తీసుకోవాలి? ఫోన్ పెట్టి "మన చరిత్ర చెప్పు తాతా" అంటే తాత దిక్కులు చూస్తాడు, లేకపోతే ఉపన్యాసం మొదలుపెడతాడు. ఫొటో చేతికివ్వండి. "ఇదెవరు? ఇది ఎవరింటి వాకిలి? ఆ పొద్దు మీరు కట్టుకున్న చీర ఎవరు నేసినారు? ఈ లుంగీలు ఎవరికి వేసేవాళ్లు, యాడికి పోయేవి?" అని అడగండి. ఆ తర్వాత నోరు మూసుకుని వినండి. ఫ్యాను ఆపండి, కాసేపు చెమట పడితే పడనీండి, ఫ్యాను రొద అంతా గొంతు మీదే పడుతుంది. ఫోను మనిషికి జానెడు దూరంలో ఉంచండి. పక్కింట్లో పవర్‌లూమ్ ఉంటే అది ఆగే వేళ చూసుకోండి. మీ ఇంటి మగ్గం చప్పుడు మటుకు విడిగా ఒక నిమిషం తీసి పెట్టుకోండి. సినిమా పాట బదులు వెనక అది పెట్టండి. సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో ఎక్కిస్తే పాట హక్కుదారులు గొంతు నొక్కేసే అవకాశం కూడా ఉంది, అప్పుడు పాటతో పాటు అవ్వ మాటా వినబడదు. మగ్గం చప్పుడుకి హక్కుదారులం మనమే.

పాత ఫొటోలకు అద్దం తీసేసి, నీడలో, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. అద్దానికి ఫొటో అంటుకుపోయి ఉంటే పీకొద్దు, అద్దంతోనే పక్క నుంచి వెలుతురు పడేట్టు చూసుకుని తీయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫొటో వెనక ఏమన్నా రాసి ఉంటే అది కూడా ఫొటో తీయండి. స్టూడియో ముద్ర ఉన్నా వదలొద్దు. అన్నీ రెండు కాపీలు, రెండు వేరు వేరు ఇళ్లల్లో ఉంచండి. ఫోను పోతే బజారులో ఇంకొకటి దొరుకుతుంది, తాత గొంతు దొరకదు.

ఇంకో మాట. తెలిసింది తెలిసినట్టు, విన్నది విన్నట్టు చెప్పండి. 1947లో ఢిల్లీ ఎర్రకోట మీద ఎగిరిన జెండా మన గుడియాత్తంలో తయారైందని ఊర్లో చెప్పుకుంటారు. మనందరికీ గర్వమే. స్లైడ్‌షోలో పెట్టేటప్పుడు "మా తాత ఇలా చెప్పేవాడు" అని తాత గొంతుతోనే పెట్టండి. రుజువు కాగితం ఉంటే కాగితం చూపించండి. లేకుంటే "అంటారు" అనే ఒక్క మాట చేర్చండి. ఆ ఒక్క మాట వల్ల గౌరవం తగ్గదు, మిగతా చెప్పినవాటి మీద నమ్మకం పెరుగుతుంది.

కామరాజర్‌గారు ముఖ్యమంత్రి అయిన తర్వాత 1954లో గుడియాత్తం ఉప ఎన్నికలోనే నిలబడి గెలిచారు. ఆ రోజుల ఫొటో ఎవరింట్లోనైనా ఉందనుకోండి. కామరాజర్ ఎవరో లోకమంతా చెబుతుంది. ఆయన మెడలో నూలు దండ వేస్తున్న మనిషి ఉంటే ఆయన పేరు ఎవరు చెబుతారు? ఆ పేరు ఏ పుస్తకంలోనూ దొరకదు, మన ఇళ్లల్లోనే దొరకాలి. చరిత్రలో మన వాటా అంటే అలాంటి పేర్లే.

అడగకుండా ఏదీ బయట పెట్టొద్దు. ఫొటోలో ఉన్నవాళ్లు బతికి ఉంటే వాళ్లనడగండి, లేకుంటే వాళ్ల పిల్లల్ని అడగండి. అప్పుల సంగతి, ఇంటి గొడవలు అవ్వ మాటల్లో దొర్లిపోతాయి. ఆవిడకి వినిపించి, "ఇది ఉంచమంటావా అవ్వా, తీసేయమంటావా" అని అడిగి, ఆవిడ చెప్పినట్టు చేయండి. ఇంట్లో వేసుకునేది వేరు, గ్రూపులో పంపేది వేరు.

చివరగా అసలు సంగతి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు చదవడం చాలామందికి రాదు. ఇప్పుడు నేను చెప్పేది తెలుగులో అచ్చయితే మీలో ఎంతమంది పిల్లలు చదువుతారో మీకే తెలుసు. వాళ్లని తిట్టి లాభం లేదు, నేర్పినవాళ్లు లేరు. చదవడం రాకపోయినా వినడం వచ్చు కదా! ఆ దారి ఇంకా మూసుకుపోలేదు. అందుకని స్లైడ్‌షోలో గొంతు తెలుగులో ఉండనీండి, కింద అక్షరాలు తమిళంలో వేయండి. మనవడు తమిళం చదువుకుంటూ తెలుగు వింటాడు. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు, ఈ మాటలు నిఘంటువులో ఉన్నా వాటికి ప్రాణం లేదు. తాత నోట్లోంచి వస్తే, చేతిలో ఆ వస్తువు కనబడుతుంటే, అప్పుడు పిల్లవాడికి పడతాయి. మగ్గం మీద కూర్చునే పిల్లలు తగ్గుతున్నారు, ఆ మాట పైకి అనడానికి మనకి కష్టంగా ఉంటుంది. వాళ్లు వేరే పనికి పోతే పోనీండి, బాగుపడనీండి. ఎక్కడికి పోయినా వాళ్ల ఫోన్‌లో ఎనిమిది నిమిషాల అవ్వ గొంతు ఉండాలి.

మన సంచిక ఈసారి కాగితం మీద కాకుండా ఫోన్‌లో వస్తోంది. కాగితం మాటని దాచగలదు, గొంతుని దాచలేదు. ఫోను రెండూ దాస్తుంది. అందుకని ఈ సభలో నా కోరిక ఒక్కటే. వచ్చే వార్షికోత్సవం లోపల ఇంటికొకటి చేయండి. గొప్పగా ఉండక్కర్లేదు. పది ఫొటోలు, ఒక పెద్దమనిషి గొంతు, పేర్లు, ఊరు, సంవత్సరం. అంతే చాలు. చేయి తిరిగిన పిల్లలు పక్కింటి అవ్వకి కూడా చేసిపెట్టండి. అన్నింటికన్నా ముందు ఎవరి గొంతు తీసుకోవాలో నేను చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో అందరికన్నా పెద్ద ఎవరో వాళ్లది. వచ్చే పండగకి చూద్దాంలే అనుకోవద్దు.